నర్సు రాజీనామా: మర్యాద ఒక్కవైపేనా?

ఉద్యోగం మారదల్చుకున్న నర్సుకు సలహాలు చెప్పేవాళ్ళకు కొదవలేదు. నెల ముందు నోటీసివ్వాలి, ఉత్తరంలో కృతజ్ఞతలు రాయాలి, ఫిర్యాదుల జోలికి పోకూడదు, చివరి డ్యూటీ దాకా ముఖం చిట్లించకూడదు. దీన్నంతా "వృత్తి మర్యాద" అంటున్నారు. మర్యాద మంచిదే. కాని అది ఒకవైపు నుంచే ఎందుకు నడవాలి? ఆమె సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేసుకున్న యాజమాన్యానికి ఏ మర్యాదా వర్తించదా?

ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో నర్సులతో పనిచేసే మనకు తెలియనిది కాదు. చదువు ముగించి ఉద్యోగంలో చేరే అమ్మాయి చేత బాండు రాయించుకుంటారు. పరిశీలన పేరుతో పదో తరగతి సర్టిఫికెట్ మొదలు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ తీసుకుంటారు. రసీదు ఇవ్వరు. మానేస్తానన్న రోజున బాండు సొమ్ము కట్టమంటారు. కట్టలేకపోతే ఒరిజినల్స్ రావు, రిలీవింగ్ లెటర్ రాదు, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ రాదు. ఈ కాగితాలు లేకపోతే మరో పెద్ద ఆస్పత్రిలో చేరటం కష్టం. గల్ఫుకో ఇంగ్లండుకో పోయి చదువుకోసం చేసిన అప్పు తీర్చుకుందామన్న ఆశ అక్కడితో సరి.

2011 అక్టోబరులో ముంబైలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్న కేరళ నర్సు ఆత్మహత్య చేసుకుంది. ఉద్యోగం మానదల్చుకున్న ఆమెకు సర్టిఫికెట్లు తిరిగివ్వకపోవటమే కారణమని తోటి నర్సులు ఆరోపించారు, సమ్మెకు దిగారు. వాళ్ళడిగింది సర్టిఫికెట్లు వెనక్కిమ్మని, బాండు రద్దు చెయ్యమని. ఒక మనిషి తన ఉద్యోగం తాను మానుకోవటానికి సమ్మె చెయ్యాల్సి వచ్చిందంటే దాన్ని ఉద్యోగం అనాలా, వెట్టి అనాలా?

"ఇష్టపడే సంతకం పెట్టింది కదా" అంటారు. ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు, ఆకలీ పేదరికమూ మరో దారి లేకుండా చెయ్యటం కూడా రాజ్యాంగం 23వ అధికరణ కింద బలవంతమేనని చెప్పింది. అది కనీస వేతనాల కేసు. ప్రతి నర్సు బాండుకూ అది నేరుగా వర్తిస్తుందని నేననటం లేదు. కాని సంతకం ఉన్నచోటల్లా స్వేచ్ఛ ఉన్నట్లేనన్న వాదనను ఆ తీర్పే తోసిపుచ్చింది.

"శిక్షణకు ఖర్చుపెట్టాం" అన్నది రెండో వాదన. మూడు నాలుగేళ్ళ నర్సింగు చదువుకు ఫీజు కట్టింది ఎవరు? తమ మెషిన్లూ తమ రిజిస్టర్లూ నాలుగు రోజులు చూపించటం శిక్షణైతే, ప్రతి దుకాణదారుడూ గుమాస్తాను కట్టేసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత సొమ్ము రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే దక్కుతుంది. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు అధికారి కేసులో రెండు లక్షల బాండును సమర్థించిన మాట నిజమే. అది దేశవ్యాప్త నియామక ప్రక్రియకు ప్రజాధనం ఖర్చుపెట్టే ప్రభుత్వరంగ బ్యాంకు సంగతి. మనిషి చదువును తాకట్టు పెట్టుకోవచ్చని ఆ తీర్పు ఎక్కడా చెప్పలేదు.

ఇక మూడో వాదన అన్నిటికన్నా ప్రమాదకరమైంది. "రోగులను వదిలేసి పోతావా? నర్సంటే తల్లి కదా!" స్త్రీల శ్రమను సేవగా, త్యాగంగా పొగిడి దాని వెలను మరుగుపరచటం పితృస్వామ్యానికి కొత్త కాదు. అదే ఆస్పత్రి నుంచి డాక్టరు మరో ఆస్పత్రికి మారితే ఎదుగుదల. నర్సు మారితే ద్రోహం! వార్డులో నర్సులు చాలకపోవటం ఆమె తప్పు కాదు. సుప్రీంకోర్టు ఆదేశంపై 2016లో ఏర్పడిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతమివ్వాలనీ, 50 పడకల లోపు ఆస్పత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ సిఫార్సు చేసింది. అమలు రాష్ట్రాలకు వదిలేశారు. కేరళ నర్సులు పోరాడి 2018లో 20,000 కనీస వేతనం సాధించుకున్నారు. సరైన జీతమూ, మనిషిగా చూసే పద్ధతీ ఉన్నచోట నర్సులను నిలుపుకోవటానికి తాళం అవసరం రాదు.

మరి వెళ్ళే నర్సుకు బాధ్యత లేదా? ఉంది. నోటీసు కాలం పనిచెయ్యాలి. రోగుల వివరాలూ, మందుల లెక్కా, తాళంచెవులూ తర్వాత వచ్చేవాళ్ళకు రాతపూర్వకంగా అప్పగించాలి. ఆ బాధ్యత రోగులకు సంబంధించింది, యాజమాన్యం దయకు సంబంధించింది కాదు. ఎక్కడికి పోతున్నదీ ఎందుకు పోతున్నదీ చెప్పనక్కర్లేదు. రాజీనామా మీద తేదీ వేసి, రెండో ప్రతిపై అందినట్లు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి నకళ్ళే ఇవ్వాలి.

అయితే ఒరిజినల్స్ ఇస్తేనే ఉద్యోగమన్నచోట ఒంటరి అమ్మాయి ఎంతసేపు నిలబడగలదు? అందుకే ఇది ఆమె నేర్పుకు వదిలేసే విషయం కాదు. సర్టిఫికెట్లు పట్టుకున్న ఆస్పత్రి మీద నర్సింగ్ కౌన్సిల్‌కూ, కార్మిక శాఖకూ, జిల్లా వైద్యాధికారికీ రాసిచ్చే ఫిర్యాదు కింద ఆమె సంతకం పక్కన మన సంఘాల సంతకాలుండాలి. పనిలో చేరే హక్కు గురించి చాలాకాలంగా మాట్లాడుతున్నాం. పని మానుకునే హక్కు లేనిదే ఆ హక్కుకు అర్థం లేదు.