దావత్ పార్సిల్‌ను వాపస్ పిలిచేదెవరు?



మా ఖాలా కొడుకు వలీమా జరిగి మూడేళ్లవుతోంది. దాని గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, లేచిపోయాను. ఖాలూ నొచ్చుకుంటారేమోనని. ఈసారి ఆయన్నే అడిగాను. "పేర్లు రాయకు బేటీ, మిగతాది రాసుకో" అన్నారు.

కడపలో ఫంక్షన్ హాలు. వచ్చేది ఎనిమిది వందల మందని తెలుసు. అయినా తక్కువ పడితే బేఇజ్జతీ అని వెయ్యి మందికి వండించాం. పొద్దున పదకొండింటికి దేగులు దించారు. జొహర్ తర్వాత దస్తర్‌ఖాన్లు పరిచారు. అందరూ తిన్నాక రెండు దేగులు మూత కూడా తీయకుండా మిగిలాయి. "రిజ్ఖ్ పాడుచేయకూడదు, ఇళ్లకు హిస్సాలు పంపిద్దాం" అంది ఖాలా. మంచి మాటే. కానీ హాలు ఖాళీ చేయడం, గిన్నెల లెక్క చూసుకోవడం, పెళ్లికూతురి వాళ్లను సాగనంపడం, ఇవన్నీ అయ్యేసరికి ఇషా అయిపోయింది. అప్పటిదాకా ఆ దేగులు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నాయి. మూత తీస్తే నడిమధ్య అన్నం ఇంకా వెచ్చగా ఉంది. "చూడు, ఇంకా గరమ్‌గానే ఉంది" అని అందరం ఖుష్ అయ్యాం.

డబ్బాల్లో సర్దింది నేను, మా ఆపా, ఇద్దరు భాభీలు. ఏ ఇంటికి ఎన్ని హిస్సాలో ఒక పాత నోట్‌బుక్‌లో రాసింది నేనే. 43 ఇళ్లు.

రాత్రి తొమ్మిదిన్నరకు మేమూ అదే తిన్నాం. మూడున్నరకు బాత్రూమ్ తలుపు చప్పుడైంది. ఖాలా. తర్వాత పెద్ద భాభీ. ఫజర్ అజాన్ వేళకు ఆరుగురం కడుపు పట్టుకుని హాల్లో కూర్చున్నాం. మధ్యాహ్నం మాత్రమే తిని, రాత్రి తినకుండా పడుకున్నవాళ్లు శుభ్రంగా ఉన్నారు. ఇంకేం కావాలి సబూత్? హాల్లో వడ్డించిన బిర్యానీ మంచిదే. సాయంత్రం దాకా దేగులో మగ్గిన బిర్యానీయే తేడా చేసింది.

నేను నోట్‌బుక్ తీసి ఫోన్ అందుకున్నాను. ఖాలూ నా చేతిలోంచి ఫోన్ తీసి అల్మారా మీద పెట్టారు. "ఎవరికీ చెప్పొద్దు. సమ్ధీ వాళ్లకు తెలిస్తే మన ఇజ్జత్ ఏం కావాలి? అందరికీ అవుతుందని ఏముంది?" ఆయన చెడ్డ మనిషి కాదు. బిడ్డ పెళ్లికి పొలం అమ్మిన మనిషి. ఆ పెళ్లి గురించి ఊళ్లో రెండో మాట పుట్టకూడదనుకున్నారు, అంతే. ఫోన్ తీసుకున్నది ఆయన, నిజమే. కానీ అల్మారా నాకు అందనంత ఎత్తులో ఏమీ లేదు. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి.

జొహర్ వేళ పక్కవీధిలో ఒక బహూ ఫ్రిజ్‌లోంచి మా డబ్బా తీసింది. వాళ్ల అత్తగారు డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉంది, వీధి మొత్తానికి నానీమా. పళ్లు లేవు, మరీ వేడి తినలేదని గోరువెచ్చగా చేసి, మెత్తగా పిసికి పెట్టింది. ప్రేమగానే పెట్టింది. ఆ రాత్రే నానీమాకు మొదలైంది. ఆస్పత్రిలో మూడు రోజులు సెలైన్. ఒంట్లో నీళ్లన్నీ పోయి కిడ్నీల మీద పడిందన్నారు. అల్లాహ్ దయవల్ల ఇంటికొచ్చారు. ఆ తర్వాత మాత్రం చేతికర్ర లేకుండా గడప దాటలేదు.

ఫజర్ నుంచి జొహర్ దాకా మా చేతిలో ఏడు గంటలున్నాయి. 43 ఇళ్లకు ఫోన్ చేయడానికి గంట కూడా పట్టదు.

ఆ ఏడు గంటల్లో మేం చేయని పనికి చట్టంలో ఒక పేరుంది. రీకాల్. అంటే అమ్మిన సరుకును వాపస్ పిలవడం. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రత చట్టం 28వ సెక్షన్ దీని గురించే. తాను తయారుచేసిన, అమ్మిన తిండి మంచిది కాదని అనుమానం వచ్చిన వ్యాపారి వెంటనే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలి, అధికారులకు చెప్పాలి. అలా ఎవరు చెబుతారులే అనుకోకండి. కంపెనీలకేమీ మనకంటే ఎక్కువ ఈమాన్‌దారీ లేదు. వాళ్లకూ ఇజ్జత్ గోలే, దాన్ని బ్రాండ్ అంటారు. తేడా ఒక్కటే. వాళ్ల నెత్తి మీద చట్టం ఉంది, వాళ్ల డబ్బా మీద పేరూ బ్యాచ్ నంబరూ ఉన్నాయి.

ఆ పేరు ఎంత పని చేస్తుందో ఒక్క 2024లోనే రెండు షహర్లలో చూశాం. రెండూ మనవాళ్లకు తెలిసిన షహర్లే. రెండుచోట్లా మాటొచ్చింది ఒకే పదార్థం మీద. మయొనైజ్.

మొదటిది రియాద్. మా కడప, రాయచోటి వైపు రియాద్‌లోనో కువైట్‌లోనో మనిషి లేని ఖాందాన్ ఉండదంటే అతిశయోక్తి కాదు. ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో అక్కడ ఒక బర్గర్ హోటల్ శాఖల్లో తిన్నవాళ్లు ఒక్కొక్కరే ఆస్పత్రికి చేరారు. బోటులిజం. ఇది మామూలు విరేచనాల జబ్బు కాదు. ఆ విషం నరాల మీద పడుతుంది. కనురెప్పలు వాలిపోతాయి, చూపు రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దవుతుంది, ముదిరితే ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోతాయి. 75 మంది దీని బారిన పడ్డారు, ఒకరు చనిపోయారు. అధికారులు వెతుక్కుంటూ వెళితే బాన్ తుమ్ అనే మయొనైజ్ దగ్గర తేలింది. సీసా మీద పేరుంది కాబట్టి ఫ్యాక్టరీ దొరికింది. ఫ్యాక్టరీలో పని ఆపేశారు, అన్ని షహర్లలోనూ ఆ సరుకును మార్కెట్ నుంచి తీసేయమన్నారు. దాన్ని వాడే హోటళ్లకూ దుకాణాలకూ ఖబర్ చేరింది.

రెండోది హైదరాబాద్, అదే ఏడాది అక్టోబర్. బంజారాహిల్స్ ప్రాంతంలో వీధిలో అమ్మిన మోమోలు తిని ఒక తల్లి చనిపోయింది, ఎంతోమంది జబ్బు పడ్డారు. నలుగురూ అనుమానించింది మోమోలతోపాటు ఇచ్చే తెల్ల చట్నీని. అక్టోబర్ 30న తెలంగాణ సర్కారు పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. కేరళ ఈ పని 2023 జనవరిలోనే చేసింది. తమిళనాడు 2025 ఏప్రిల్లో చేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. మయొనైజ్‌ను పొయ్యి మీద పెట్టరు కాబట్టి అది చావదు. ఎండలో బకెట్‌లో పెట్టి రాత్రి దాకా వాడితే పెరుగుతూ పోతుంది.

ఫైసలా మంచిదే. నేను సమర్థిస్తాను. కానీ తేడా గమనించండి. రియాద్‌లో ఒక సరుకును వాపస్ పిలిచారు. హైదరాబాద్‌లో వాపస్ పిలవడానికి ఏమీ లేదు. బకెట్ మీద పేరుండదు, బ్యాచ్ ఉండదు, నిన్న ఎవరు తిన్నారో బండివాడికి తెలియదు. ఆ సాయంత్రం అదే చట్నీ ఇంటికి పట్టుకెళ్లి, రేపటికని ఫ్రిజ్‌లో పెట్టిన మనిషికి ఎవరు ఫోన్ చేస్తారు? అందుకే సర్కారుకు మిగిలింది నిషేధం ఒక్కటే. అది రాబోయే రోజులకు పనికొస్తుంది. నిన్న తిన్నవాడికి పనికిరాదు.

ఇప్పుడు మా వలీమా డబ్బాలు చూడండి. వాటి మీద పేరు లేదు, బ్యాచ్ లేదు. కానీ నోట్‌బుక్ ఉంది! 43 పేర్లు, ఏ ఇంటికి ఎన్ని డబ్బాలు, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. పెద్ద పెద్ద కంపెనీలు కంప్యూటర్లు పెట్టి దాచుకునే హిసాబ్ మా ఇంట్లో ఐదు రూపాయల నోట్‌బుక్‌లో ఉంది. మన దావత్‌లన్నిట్లోనూ ఉంటుంది. ఎవరికి హిస్సా వెళ్లలేదో పదేళ్లయినా గుర్తుపెట్టుకునే ఖౌమ్ మనది. అంత హిసాబ్ ఉండి కూడా మేం నోరు విప్పలేదు.

వెచ్చగా ఉందని మేం మురిసిపోయిన సంగతి చెప్పాను కదా. ఆ వెచ్చదనమే మా కొంప ముంచింది. ల్యాబ్‌కు పంపకపోయినా, లక్షణాలూ టైమూ విని డాక్టర్ సాబ్ చెప్పిన మాట ఇది. మాంసం కూరల్లో క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి ఉంటుంది. వండితే క్రిమి చస్తుంది, దాని బీజాలు మాత్రం ఉడుకుకు కూడా చావవు. దేగు నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా మారేసరికి అవి మేలుకుంటాయి. 45 డిగ్రీల దరిదాపుల్లో పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. వాసన మారదు, రుచి మారదు. తిన్న ఆరు గంటల తర్వాత, లేదంటే మర్నాడు, కడుపు మెలిపెడుతుంది. మనలాంటివాళ్లకు ఒక రోజుతో పోతుంది. నానీమా వంటివాళ్లకు, కడుపుతో ఉన్నవాళ్లకు, పాలు తాగే పిల్లలకు అలా పోదు.

పొగలు వచ్చేదాకా వేడి చేస్తే ఈ క్రిమి చస్తుంది. కానీ "వేడి చేస్తే అన్నీ పోతాయి" అనే అమ్మీల మాట పూర్తి సహీ కాదు. అన్నంలో పెరిగే బాసిలస్ సీరియస్, వడ్డించేవాళ్ల చేతి పుండ్ల నుంచి వచ్చే స్టెఫిలోకాకస్, ఇవి రెండూ తిండిలోనే విషం వదిలిపెడతాయి. మళ్లీ వేడి చేస్తే క్రిమి పోవచ్చు, విషం పోదు. అందుకే అసలు పని ముందే చేయాలి. దేగు దించిన రెండు గంటల్లోపు మిగిలేది మిగిలిందని తేల్చుకుని, వెడల్పాటి తబక్‌లలో పల్చగా పరిచి చల్లార్చి, చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌కు చేర్చాలి. లేదా పొగలు కక్కేంత వేడిగా, 60 డిగ్రీలకు పైనే ఉంచాలి. ఈ రెండింటికీ నడుమ ఉన్న వెచ్చదనాన్ని నమ్మొద్దు.

ఇది చెప్పినప్పుడల్లా నాకు మూడు జవాబులు వస్తాయి.

ఒకటి, "మన పెద్దలు తరతరాలుగా ఇలాగే తిన్నారు." తినలేదు. మా దాదీ కాలంలో దేగు దించిన చోటే దస్తర్‌ఖాన్ పరిచేవారు, అక్కడే ఖతమ్ చేసేవారు. సాయంత్రం దాకా దాచి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, మర్నాడు తినడం మన జమానాలో వచ్చింది.

రెండోది, "ఇస్రాఫ్ కాదా, అంత రిజ్ఖ్ పారేయడం?" ఈ మాటకు నా దిల్ కూడా తడబడుతుంది. బిర్యానీ చెత్తలో వేయడం నా చేతులకు రాదు. కానీ ఇస్రాఫ్ మేం పారేసినప్పుడు జరగలేదు, ఎనిమిది వందల మందికి వెయ్యి మంది వంట చెప్పినప్పుడు జరిగింది. చెడిపోయిందని తెలిసిన తిండిని గరీబుకు పంపితే అది ఖైరాత్ ఎలా అవుతుంది?

మూడోది పైకి అనరు, లోపల ఉంటుంది. షవర్మా బండి మీదో హలీమ్ హోటల్ మీదో దాడి జరిగిందని వార్త రాగానే, కొందరు ఆ మురికిని మన మజహబ్‌కు అంటగడతారు. మనకు గుస్సా వస్తుంది. రావాల్సిందే, అది నాఇన్సాఫీ. కానీ ఆ గుస్సాలో మనం బండివాడి బకెట్‌కు కూడా వకాలత్ పట్టుకుంటాం. ఆ బకెట్ ముందు నిలబడి తినేది ఎక్కువగా మన పిల్లలే కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన అంచనా ప్రకారం పాడైన తిండి ఏటా 4 లక్షల 20 వేల మందిని చంపుతోంది. అందులో 1 లక్షా 25 వేల మంది ఐదేళ్లలోపు బచ్చాలు. వాళ్లలో అన్ని మజహబ్‌ల పిల్లలూ ఉన్నారు.

హోటల్లో కూర్చోగానే "హలాల్ హై క్యా?" అని అడుగుతాం. అడగాలి కూడా. హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట కూడా ఉందని జుమా బయాన్లలో వింటూనే ఉంటాం. కానీ "ఎప్పుడు వండారు భయ్యా? ఫ్రిజ్‌లో పెట్టారా?" అని అడగడానికి మాత్రం షరమ్.

నానీమా ఇంటికొచ్చిన వారానికి ఖాలూ, నేను వెళ్లాం. ఆయన తలవంచుకుని అంతా చెప్పి మాఫీ అడిగారు. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొద్దున్నే చెబితే పారేసేదాన్ని కదా, నిన్నేమైనా అనేదాన్నా?" అంది. ఇజ్జత్ గురించి నేను విన్న మాటల్లో నాకు ఇంకా గుచ్చుకునేది అదే.

కిందటి నెల మా ఇంట్లో అఖీఖా. ఖాలూయే బావర్చీతో కూర్చుని తలలు లెక్కపెట్టించారు. అయినా కొంచెం మిగిలింది. అసర్ కాకముందే డబ్బాలు కట్టాం. ప్రతి మూత మీద మార్కర్‌తో దేగు దించిన టైమ్ రాశాం, ఆపైన "ఈ రాత్రికే తినేయండి" అని. కొత్త సమ్ధన్ ఒకావిడ అది చూసి, "ఇదేంటి, దుకాణం సరుకులా?" అని నవ్వింది. ఖాలూ మాట్లాడకుండా నోట్‌బుక్ నా వైపు జరిపి, "ఫోన్ నంబర్లు కూడా రాసుకో బేటీ" అన్నారు.