థర్మోకోల్ ప్లేటా? మోదుగాకు విస్తరా?

నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వారికి మోదుగాకు విస్తరిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అయినా ఇంట్లో శుభకార్యం అనగానే కొందరి చూపు తెల్లని థర్మోకోల్ ప్లేట్ల మీదికి పోతుంది. తేలిక, చవక, సాంబారు కారదు. నిజమే. కాని ఒకసారి వాడి పారేసే ఆ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. చట్టం మాట అలా ఉంచి ఆరోగ్యం సంగతి చూద్దాం.

థర్మోకోల్ అంటే నురుగులా ఉబ్బించిన పాలిస్టరీన్ అనే ప్లాస్టిక్కే. దాన్ని స్టైరీన్ అనే రసాయనంతో చేస్తారు. అది కొద్దిగా ప్లేటులో మిగిలిపోతుంది. చల్లని, పొడి పదార్థాలలోకి దిగేది బహు స్వల్పం. వేడి, నూనె తోడై, పదార్థం ఎక్కువసేపు అందులో ఉంటే మాత్రం ఎక్కువగా దిగుతుంది. మరి మన భోజనమో? పొగలు కక్కే సాంబారు, నెయ్యి, నూనె తేలే పచ్చడి! ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో స్టైరీన్‌ను 'బహుశా క్యాన్సర్ కలిగించగల' పదార్థాల జాబితాలో చేర్చింది. ఒక పూట తిన్నందుకు బెంగ పడకండి, అలవాటు మాత్రం చేసుకోకండి. గర్భిణులకు, పసిపిల్లలకు అందులో వేడి పదార్థాలు పెట్టకపోవడమే మంచిది.

'అయితే కాగితం కప్పు వాడతాం' అంటారేమో. దాని లోపల కూడా పల్చని ప్లాస్టిక్ పూతే ఉంటుంది. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషాలు ఉంచితే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు చేరుతున్నట్లు ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు గమనించారు.

విస్తరి కొనేటప్పుడూ కళ్ళు తెరిచి చూడాలి. తడిగా కట్టకట్టిన ఆకులకు బూజు పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ముక్కవాసన వచ్చినా, నల్లమచ్చలు ఉన్నా తీసుకోకండి. మిషను మీద అచ్చొత్తిన వాటిలో కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ కాగితం అంటిస్తారు, ఒకటి విప్పి చూస్తే తెలిసిపోతుంది. వడ్డనకు ముందు మంచినీళ్ళు చల్లి తుడిస్తే దుమ్ము పోతుంది, ఆకు పెళుసుగా విరగదు. కుట్టిన పుల్ల విరిగి అన్నంలో కలిస్తే పసివాళ్ళ గొంతుకు ప్రమాదం. వాళ్ళకు స్టీలు పళ్ళెమే పెట్టండి. హోటలు నుంచి తెచ్చుకునే కూరలకు టిఫిన్ క్యారియర్‌ను మించింది లేదు.

బంతి లేచాక విస్తళ్ళను పెంటదిబ్బలో వేస్తే ఎరువవుతాయి. సాంబారు అంటిన థర్మోకోల్‌ను గేదెలు, ఆవులు నమిలి మింగుతాయి, అది కడుపులో అరగక పేరుకుంటుంది. పోనీ కదా అని పందిరి వెనుక తగలబెడితే వచ్చే నల్లటి పొగ ఊపిరితిత్తులకు చేటు. ఉబ్బసం ఉన్నవారిని ఆ దరిదాపులకు పోనివ్వకండి.