పది గంటలకి వెళ్ళడానికి ఒక చోటు

మా అబ్బాయికి 21 ఏళ్ళు. పొద్దున్న ఎనిమిదిన్నర అయ్యేసరికి నీలంరంగు స్కూలు బ్యాగు భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు. బడి ఆటో రావడం మానేసి మూడేళ్ళయింది. వాడికి టైము చూడ్డం రాదు. ఎదురింటి కుక్కరు కూత, పాలప్యాకెట్ల కుర్రాడి బండి చప్పుడు, అవే వాడి గడియారం. తొమ్మిదింటి దాకా నిలబడి, లోపలికొచ్చి, బ్యాగులోంచి ఖాళీ టిఫిన్ డబ్బా తీసి నా చేతికిస్తాడు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అందులో రెండిడ్లీలు పెట్టి వరండాలోనే తినిపిస్తున్నాను.

వాడు చదివింది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు ఉచిత చదువును 6 నుంచి 18 ఏళ్ళ దాకా హక్కుగా ఇచ్చింది. మండలాల్లోని భవిత కేంద్రాలు కూడా బడి ఈడు పిల్లల కోసమే. 18 నిండిన రోజు టీచర్లు కేకు కోయించి, కొత్త చొక్కా పెట్టి, సాగనంపారు. వాళ్ళనేం అనను, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు! లోపం తక్కువగా ఉన్న పిల్లలు ఆ తర్వాత కొవ్వొత్తులు పోయడమో, కాగితం కవర్లు అంటించడమో నేర్చుకుంటారు. మా వాడు ఆ మెట్టు ఎక్కలేదు. ప్రత్యేక బడుల లెక్కలో మా వాడిలాంటి వాళ్ళది ‘కేర్ గ్రూప్’. పేరు బాగానే ఉంది. బడి అయ్యాక ఆ కేర్ ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

ఒక్క సంగతి చెబుతాను. బాత్రూముకి వెళ్ళాలంటే చిటికెన వేలు చూపించాలని నేర్పడానికి బడిలో నాలుగేళ్ళు పట్టింది. నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళకి కూడా ధైర్యంగా తీసుకెళ్ళేదాన్ని. బడి మానేసి ఇంట్లో కూర్చున్న ఎనిమిది నెలల్లో ఆ వేలు లేవడం మానేసింది. తప్పు నాదే. వాడు అడగకముందే నేనే తీసుకెళ్ళేదాన్ని. దాహమేస్తే అడిగే లోపే గ్లాసు అందించేదాన్ని. అమ్మ దగ్గర అడగాల్సిన పనేముంది? ఇప్పుడు పెద్దవాళ్ళ డైపర్లు కొంటున్నాం.

అందుకే ఇలాంటి పిల్లలున్న మా ఏడు కుటుంబాలకు కావలసింది పగటిపూట నడిచే కేంద్రం. హాస్టలు కాదు, ఆశ్రమం అంతకన్నా కాదు. పొద్దున్న పదింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి ఇంటికి రావాలి. వెళ్ళగానే బ్యాగు తన మేకుకి తానే తగిలించుకోవాలి. చెప్పులు జతగా పెట్టాలి. చిక్కుడుకాయలు తుంచడం, మొక్కలకు నీళ్ళు పోయడం, వీధి చివర కొట్టుదాకా నడిచి ఉప్పు ప్యాకెట్టు తేవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, అన్నం తన చేత్తో తాను తినడం. మూతి మీద మీసం వచ్చిన కుర్రాళ్ళ చేత చిట్టి చిలకమ్మ పాడించనక్కర్లేదు, కీరవాణి పాటలు పెట్టినా ఊగుతారు. “అక్కడ ఏం తయారుచేస్తారు?” అని అడుగుతారు చాలామంది. ఏమీ చెయ్యరండీ. అమ్మకానికి పెట్టేదేమీ ఉండదు. నేర్చుకున్నది మర్చిపోకుండా ఉంటారు, అంతే.

ఆ ఆరు గంటలు మాక్కూడా అవసరమే. మాలో ఒకావిడ అరవై కిలోల కొడుకుని ఎత్తి ఎత్తి భుజం పోగొట్టుకుంది. ఇంకొకావిడ కుట్టుమిషను మూలపడేసింది.

ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదని అనడం లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలయింది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం కింద ‘నిరామయ’ బీమా లక్ష రూపాయల దాకా ఉంది. పగటి కేంద్రాల పథకం కూడా ఉంది. తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి ఆ ట్రస్టులో నమోదు కావచ్చు. మేం ఏడు కుటుంబాల వాళ్ళం ఆ పని మీదే ఉన్నాం. కాగితాలు ఒక్కొక్కటీ కదులుతున్నాయి. కదలనిది ఒక్కటే, చోటు.

మూడిళ్ళు అద్దెకు అడిగాం. ఒకాయన అడ్వాన్సు తీసుకుని కూడా మర్నాడు తిరిగిచ్చేశాడు, “పై వాటావాళ్ళు ఒప్పుకోవడం లేదమ్మా” అని. మా పిల్లలది పిచ్చి కాదు, అంటుకునేదీ కాదు. ఒక్కోసారి గట్టిగా అరుస్తారు, దాచను. రోడ్డు మీద డీజే కన్నా నయమే.

మొదట కల్యాణ మండపాలే తట్టాయి. ఆషాఢమంతా, మూఢాల్లోనూ తాళాలేసి ఉంటాయి కదా అని. కానీ మంగళవారం ఉన్న చోటు బుధవారం లేకపోతే మా పిల్లలు తట్టుకోలేరు. కాబట్టి మండపం వెనక వాడని భోజనాల హాలున్నా, పగలు ఖాళీగా ఉండే పెన్షనర్ల భవనమైనా ఇవ్వండి. పిల్లలు అమెరికాలో ఉండి కింద వాటాకి తాళం వేసుకున్న పెద్దలు మన ఊళ్ళో ఎంతమంది లేరు! నేలమట్టానికి ఒక హాలు, పట్టుకోవడానికి కమ్మీ బిగించగలిగే వెస్ట్రన్ టాయిలెట్, ఒక కుళాయి ఉంటే చాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పది నుంచి నాలుగు. అద్దె ఇస్తాం, కాస్త తగ్గిస్తే సంతోషిస్తాం. స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా చేసిన ఒక టీచరుకీ, ఇద్దరు ఆయాలకీ జీతాలు మేమే వేసుకుంటాం.

రిటైరైన మాస్టార్లూ, మేడమ్‌లూ వారానికి రెండు గంటలు రాగలిగితే రండి. ప్రతివారం అదే రోజు, అదే వేళకి రావాలి. పుట్టినరోజుకి కేకు తెచ్చి, ఫొటో దిగి వెళ్ళేవాళ్ళకి దణ్ణం. ఆ మర్నాడు వాళ్ళ కోసం గుమ్మం వైపు చూసే పిల్లలకి సర్దిచెప్పుకోవాల్సింది మేము. ఓపికున్న మంగలి ఎవరైనా ఉంటే మరీ మంచిది, మా వాడి క్రాపు నేనే కత్తిరిస్తున్నాను, చూస్తే మీకే తెలుస్తుంది.

ఇలాంటి పెద్దపిల్లల్ని లోపలి గదిలో ఉంచుకుని ఎవరికీ చెప్పని ఇళ్ళు మన వీధుల్లోనే ఉన్నాయి. మీరూ రండి. పేర్లు బయటికి రానివ్వం. ఇంకోమాట. 18 దాటాక కన్నవాళ్ళమైనా చట్టప్రకారం మనంతట మనం సంరక్షకులం కాము. కలెక్టరు అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకులో అడ్డంపడేదాకా నాకూ తెలీదు. ఆ ఫారం ఎలా నింపాలో చూపిస్తాను.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి మునిసిపల్ పార్కులో, నీళ్ళ ట్యాంకు కింద సిమెంటు బల్లల దగ్గర ఉంటాం. గుర్తుపట్టడం కష్టం కాదు. నీలం బ్యాగుతో మా వాడుంటాడు. డబ్బా తీసి మీ చేతిలో పెడితే, తీసుకోండి. ఈసారి అందులో ఇడ్లీలుంటాయి.

ఒక తల్లి, ఏడు కుటుంబాల తరఫున