హృదయభాషలో ఆరాధన

ప్రార్థనామందిరంలో పలికే ప్రతి పలుకూ ప్రార్థన కాదు. పెదవులు అలవాటుగా కదులుతూ ఉండగా మనస్సు అంగడివీధిలో సంచరించడం ఏ మతస్థునికైనా అనుభవంలో ఉన్నదే. ఈ లోపాన్ని గుర్తించి, క్రైస్తవ ఆరాధనను కంఠం నుండి హృదయానికి దింప యత్నించిన భారతీయులలో మహారాష్ట్ర కవి నారాయణ వామన తిలక్ ముఖ్యుడు.

1861లో కొంకణ ప్రాంతంలోని కరజ్‌గావ్‌లో, ఒక చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో ఆయన జన్మించాడు. సంస్కృతంలో పాండిత్యం, మరాఠీలో కవితాశక్తి, వీటన్నిటినీ మించి తీరని ఆధ్యాత్మిక తృష్ణ ఆయన సొత్తు. 1893 ప్రాంతంలో రాజనందగావ్ వెళుతుండగా రైలులో ఒక అపరిచితునితో సంభాషణ జరిగింది. ఆ అపరిచితుడు ఆయన చేతికి క్రొత్త నిబంధన గ్రంథాన్ని ఇచ్చాడు. కొండమీది ప్రసంగం దగ్గరకు వచ్చేసరికి తిలక్ ఆ పుటలను విడువలేకపోయాడు. 1895 ఫిబ్రవరి 10న బొంబాయిలో బాప్తిస్మం పొందాడు.

ఈ విశ్వాసానికి ఆయన చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు. బంధువర్గం వెలివేసింది. భార్య లక్ష్మీబాయి దాదాపు అయిదేళ్లు ఆయనకు దూరంగా, తన వారి చెంత దుఃఖంలో గడిపింది. చివరకు భర్త వద్దకు తిరిగి వచ్చినా తన ఆచారాలను విడిచిపెట్టలేదు. ఒకే ఇంట వంట వేరు, నీళ్లు వేరు. తిలక్ ఆమెను బలవంతం చేయలేదు. ఒత్తిడికి లొంగి చేసిన ప్రార్థన దేవునికి చేరదని ఆయన ఎరుగును. కులభేదాన్ని సృష్టించినది దేవుడా, మనుష్యుడా అని లక్ష్మీబాయి తనను తాను ప్రశ్నించుకొన్నది. అది మనుష్యుని పనే అని తేలిన తరువాత ఆ పట్టింపును వదిలివేసింది. 1900లో బాప్తిస్మం పొందింది. ఆనాటి సంగతులను ఆమె తన ఆత్మకథ ‘స్మృతిచిత్రే’లో నవ్వుతూ, నవ్విస్తూ, కంట తడిపెట్టిస్తూ వ్రాసింది.

ఆ రోజులలో మరాఠీ క్రైస్తవ సంఘాలలో పాడే కీర్తనలు చాలావరకు ఆంగ్లానువాదాలు. పదాలు మరాఠీవే అయినా బాణీ పాశ్చాత్యం, ఊపిరి పరాయిది. పండరిపురానికి నడిచే వార్కరీల నోట తుకారాం అభంగాలు వింటూ పెరిగిన జాతికి ఆ పాటలలో కన్నీరు రావడం కష్టం. తాను తుకారాం నిర్మించిన వంతెన మీదుగా క్రీస్తును చేరుకొన్నానని తిలక్ చెప్పుకొనేవాడు. అందుకే అభంగంలో, ఓవీ ఛందస్సులో ఆరాధనగీతాలు రచించాడు. కీర్తనకారుని వలె కథాగానం చేశాడు. క్రీస్తును తల్లి అనీ, గురువు అనీ పిలిచాడు. మరాఠీ క్రైస్తవుల గీతసంపుటిలో ఆయన పాటలు రెండువందలకు పైగా చేరాయి.

తెలుగునాట ఇటువంటి కృషి అంతకుముందే జరిగింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళబద్ధంగా రచించిన కీర్తనలు నేటికీ పల్లె సంఘాలలో వినవస్తాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరచి చూస్తే పాట తలమీద రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి.

అయితే స్వదేశీ బాణీ ఉన్నంత మాత్రాన ఆరాధన నిష్కపటం కాజాలదు. పరాయి బాణీ ఎంత సులభంగా అలవాటుగా మారుతుందో, సొంత బాణీ కూడ అంత సులభంగానే మారుతుంది. రాగం ద్వారం వంటిది. లోనికి అడుగు పెట్టవలసినది మనిషే. తిలక్ ఈ సత్యాన్ని జీవితంతో నిరూపించుకొన్నాడు. 1917లో మిషను ఉద్యోగాన్ని, జీతాన్ని వదలుకొని సన్న్యాసి వలె జీవించసాగాడు. సతారాలో ‘దేవుని దర్బారు’ పేర బాప్తిస్మం పొందినవారికీ, పొందనివారికీ చోటున్న ఒక సహవాసాన్ని ఆరంభించాడు. 1919 మే నెలలో బొంబాయిలో కన్నుమూశాడు.

ఆయన అసంపూర్ణంగా విడిచిన ‘క్రీస్తాయన’ కావ్యాన్ని తరువాత కొనసాగించినది, ఒకనాడు ఆయన ఇంటి నీళ్లు ముట్టని లక్ష్మీబాయే. ఆమె ఆ మార్పుకు ఎవరి ఒత్తిడీ లేకుండా, తన కాలం తాను తీసుకొని చేరుకొన్నది. ఆరాధన ఎప్పుడు నిజమవుతుందని అడిగేవారికి ఆ దంపతుల జీవితంలో సమాధానం లభిస్తుంది. దేవుని ఎదుట పాడిన పాటకూ, తోటి మనిషి చేతి నీళ్లు త్రాగడానికీ మధ్య ఎడం లేనప్పుడే అది నిజమవుతుంది.