బండి మనది, తాళం కంపెనీది

పులివెందుల తోటల్లో పొద్దున కోసిన అరటిగెలలు పొద్దు గూకేలోగా లారీ ఎక్కాలి. జమ్మలమడుగు చేలల్లో నూర్చిన శనగలు మబ్బు పట్టకముందే గోదాముకు చేరాలి. ప్రొద్దుటూరు వ్యాపారికి మాటిచ్చిన పత్తి ఆ రోజే దిగాలి. ఈ పనులన్నీ ఇప్పుడు పికప్పు మీదే జరుగుతున్నాయి. ఒకప్పుడు ఎద్దులబండి ఎట్లనో, ఇవాళ మనకు పికప్పు అట్ల. మరి ఆ బండి ఇంజను నడిదారిలో ఆగిపోతే నష్టం ఎవరు భరించాలి? అమ్మిన కంపెనీనా, కొన్న రైతా? వారంటీ పుస్తకం చెప్పే జవాబు ఒకటి, చట్టం చెప్పే జవాబు ఇంకొకటి. షోరూంలో మనకు మొదటిదే వినిపిస్తారు. రెండోది మనమే నేర్చుకొని వాళ్ళకు వినిపించాలి.

వారంటీ మడతపేచీలు

కొనే రోజున దండ వేసి ఫోటో తీస్తారు. ఇన్ని సంవత్సరాలు, ఇన్ని కిలోమీటర్లు వారంటీ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఏది ముందయితే అది' అని ఉంటుంది. సొంత పంటకే వాడుకునే రైతుకు కిలోమీటర్లు మిగిలి ఉండగానే ఏళ్ళు అయిపోతాయి. కంతులు కట్టడానికి బాడుగలు తోలే రైతుకు ఏళ్ళు మిగిలి ఉండగానే కిలోమీటర్లు అయిపోతాయి.

గడువులో ఉన్నా ఒరిగేది తక్కువే. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు, ఫిల్టర్లు, బెల్టులు అరిగే సామాన్లు కాబట్టి వారంటీ లేదంటారు. సరే, ఒప్పుకుందాం. కానీ ఇంజెక్టరు పోయినా, టర్బో పోయినా, హెడ్ గాస్కెట్ కాలినా అదే పాట పాడతారు. 'డీజిల్లో నీళ్ళు కలిశాయి', 'లోడు ఎక్కువ వేశారు', 'సర్వీసు ఆలస్యం చేశారు', 'బయటి మెకానిక్కు చెయ్యి పెట్టాడు'. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పి చేతులు దులుపుకుంటారు. డీజిల్ శాంపిల్ తీసి పరీక్ష చేయించారా అంటే జవాబు ఉండదు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమంటే రాసివ్వరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య.

రిపేరు బిల్లుతోనే నష్టం తీరదు. బండిని లాక్కుపోయినందుకు ఖర్చు, సామాన్లు వచ్చేదాకా వారాల తరబడి షెడ్డులో నిరీక్షణ, ఆ నాళ్ళకు వేరే బండి బాడుగ. ఈలోగా కంతు ఆగదు, ఇన్సూరెన్సు గడువు ఆగదు, చెట్టు మీద పండిన కాయ అసలే ఆగదు. ఒక్క రోజు ఆలస్యంగా యార్డుకు చేరిన చీనీకాయలకు వ్యాపారి చెప్పిందే రేటు. ఈ నష్టం ఏ వారంటీ పుస్తకంలోనూ కనబడదు.

కొత్త ఇంజను, పాత దారి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లకు బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. పొగ తగ్గాలనడం మంచిదే. ఆ పొగ పీల్చేది మనమూ మన పిల్లలే కాబట్టి మేము దాన్ని వ్యతిరేకించడం లేదు. ఆ మార్పు బరువు ఎవరి నెత్తిన పెట్టారన్నదే మా ప్రశ్న.

వెనకటి డీజిల్ ఇంజను మొరాయిస్తే మన మెకానిక్కు శబ్దం విని రోగం చెప్పేవాడు. నాజిల్ కడిగి, పంపు సరిచేసి పంపేవాడు. ఇప్పటి ఇంజను డీజిల్‌ను వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో వెంట్రుకంత సన్నటి రంధ్రాల గుండా చిమ్ముతుంది. చిన్న నలుసు, కొంచెం నీరు చాలు, ఇంజెక్టరు చెడిపోవడానికి. ఇక చాలా డీజిల్ బండ్లలో సైలెన్సరు దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి, అంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో పోవాలి. మన బండి పోయేది తోట నుంచి ఊరికి, ఊరి నుంచి యార్డుకు, మొదటి గేరు రెండో గేరులో గుంతల దారిన. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే ఇంజను లాగడం మానేస్తుంది. బండి అప్పగించే రోజున ఈ సంగతి తెలుగులో కూర్చోబెట్టి చెప్పిన వాళ్ళు ఎంతమంది?

ఎండాకాలంలో మా జిల్లా నలభై డిగ్రీలు దాటుతుందని కంపెనీలకు తెలియదా? చేను దారుల్లో దుమ్ము లేస్తుందని తెలియదా? ప్రకటనల్లో బస్తాలు నింపుకొని రాళ్ళదారి ఎక్కే బండినే చూపిస్తారు. అదే బండి చెడిపోతే ఆ బస్తాలు, ఆ రాళ్ళదారే మన తప్పులైపోతాయి. ఆర్‌సీలో రాసిన బరువు దాటించమని మేము ఎవరికీ చెప్పడం లేదు. దాటించినందువల్లే ఇంజను పోయిందని అనేవాళ్ళు రుజువు చూపాలంటున్నాం.

ఇక రోగం పేరు తెలియాలంటే ల్యాప్‌టాప్ పెట్టి కోడు చదవాలి. ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ చేతిలో ఉంటుంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ప్రొద్దుటూరు మెకానిక్కు కూడా దాని ముందు చేతులు కట్టుకొని నిలబడాల్సిందే. డబ్బు కట్టి కొన్నది మనం, తాళంచెవి మాత్రం వాళ్ళ దగ్గర.

చట్టం ఏం చెబుతోంది

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు సమాచారం, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వకపోవడం తప్పని చెప్పింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే గంపగుత్త షరతు పెట్టవద్దని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. అది కార్ల కేసు, నిజమే. కారు యజమానికి న్యాయమైనది పికప్పు రైతుకు అన్యాయం ఎట్ల అవుతుంది? 2022 జూలైలో కేంద్రం 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. ఆ డిసెంబరులో వెబ్‌సైటు తెరిచారు. సమాచారం ఇవ్వని కంపెనీని శిక్షించే చట్టం మాత్రం తేలేదు.

వినియోగదారుల కమిషన్‌కు పోతే కంపెనీ వకీలు మొదట అనే మాట ఇది: 'పికప్పు వాణిజ్య వాహనం, వీళ్ళు వినియోగదారులే కారు'. దీనికి జవాబు 2019 చట్టంలోనే ఉంది. స్వయం ఉపాధితో కేవలం బతుకుదెరువు కోసం కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. విత్తనాల కేసులో మన ఆంధ్ర రైతుల మీద కంపెనీ ఇదే వాదన తెచ్చింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, రైతు వినియోగదారుడేనని తేల్చింది. కాబట్టి 'ఇది నా జీవనోపాధి బండి, నేనే నడుపుకుంటాను' అనే మాట నిజమైన ప్రతి రైతూ ఫిర్యాదు మొదట్లోనే రాయాలి.

ఇకనుంచి మనం చేయాల్సింది

1. బండి షెడ్డుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు లేకుండా తాళం ఇవ్వొద్దు. తేదీ, కిలోమీటర్లు, మనం చెప్పిన లోపం అందులో ఉండాలి.

2. వారంటీ కాదన్నారా, కారణం రాసివ్వమని అడగాలి. రాయకపోతే మనమే స్పీడ్ పోస్టులో రాసి అడగాలి.

3. తీసేసిన పాత సామాను, డీజిల్ బిల్లులు, బాడుగ రసీదులు దాచిపెట్టాలి.

4. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. పని కాకపోతే కడప జిల్లా కమిషన్‌కు పోవాలి. మన నివాసం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్ళు. బండి ధర 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా రూ.200, 20 లక్షల దాకా రూ.400. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు.

5. ఒకే లోపం పదిమంది బండ్లలో ఉంటే, కమిషన్ అనుమతితో 35వ సెక్షను కింద ఉమ్మడి ఫిర్యాదు వేయొచ్చు. ఒక్క రైతును తిప్పించుకున్నంత సులభంగా పదిమందిని తిప్పించుకోలేరు.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి కొన్ని ఉన్నాయి. వారంటీ నిరాకరణ రాతపూర్వకంగా, పరీక్ష రిపోర్టుతో ఇవ్వడం తప్పనిసరి చేయాలి. బండి వారం దాటి షెడ్డులో ఉంటే బదులు బండి ఇవ్వాలి, ఆగిన రోజులను వారంటీకి కలపాలి. సామాన్లు, కోడు చదివే పరికరం బహిరంగ మార్కెట్లో దొరకాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు విడిభాగాల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది, పికప్పు విడిభాగాల మీద మాత్రం 18 శాతం వేస్తున్నారు. అదే రైతు, అదే పంట, రెండు పన్నులు ఎందుకు? రైతు పేరు మీదున్న పికప్పుకు కూడా 5 శాతమే ఉండాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సభ్యులు తమ జాబ్ కార్డులు, బిల్లుల జిరాక్సులు ఈ నెల మండల కమిటీ సమావేశానికి తీసుకురావాలి. ఏ ఊర్లో ఏ ఇంజను ఎన్ని కిలోమీటర్లకు చెడిపోయిందో ఒక పుస్తకంలో రాద్దాం. కంపెనీ దగ్గర మన బండ్ల లెక్క ఉంది. మన దగ్గర కంపెనీల లెక్క ఉంటేనే ఉమ్మడి ఫిర్యాదు నిలబడుతుంది.