మొక్కల ముచ్చట: చెవులపిల్లితీగ



వినాయకచవితికి ముందు మా ధూల్‌పేట వీథులన్నియు గణపతి ప్రతిమలతో నిండియుండును. ఆ దేవుని పూజకు వలయు ఇరువదియొక్క పత్రులలో విష్ణుక్రాంత యొకటి యని మీ రెఱుగుదురు. నేలనంటి పెరిగి చిన్న నీలిపూవులు పూచు ఆ మొక్కకు సముద్రతీరమున నొక పెద్ద జ్ఞాతి కలదు. అదియే చెవులపిల్లితీగ, బలబందతీగ యనియు నందురు.

చెవులపిల్లి యనగా కుందేలు. కొన రెండుగా చీలిన యాకును చూచినవారికి ఆ పేరు తగియున్నదనియే తోచును. 1753లో లినేయసు పండితునకు అదే యాకు మేకగిట్టవలె కనబడగా, ‘మేకకాలు’ అను నర్థము గల లాటిను పేరు పెట్టెను. పూవు గరాటువలె నుండి, ఊదా కలిసిన గులాబివన్నెతో ఉదయమున విచ్చి ఆనాడే వాడును. విశాఖపట్టణము, భీమునిపట్టణము, బాపట్ల చెంతనున్న సూర్యలంక మొదలగు తీరములందు దీనిని చూడవచ్చును.

ఈ తీగ కణుపుకణుపునను వేరు దించును. గాలి మోసికొనివచ్చు ఇసుక దీని యాకులకు తగిలి నిలుచును. ఇసుక తన్ను కప్పినను తీగ మరల పైకి పాకును. ఇట్లు క్రమముగా దిబ్బ యేర్పడి తీరమునకు గట్టగును. ఆ వెనుక రావణాసురుని మీసములను గడ్డియు, పొదలును నిలుచుటకు చోటు దొరకును. గింజలు ఉప్పునీట తేలిపోయి దూరతీరముల మొలచును గనుక ఉష్ణదేశముల తీరములందెల్ల నిది కలదు.

అయితే విహారమునకు పోయిన పిల్లలు త్రాడాటకు దీనిని పెరుకుదురు. పెద్దలు దీనిమీదుగా బండ్లు నడుపుదురు. తీరమును శుభ్రపఱచువారు కలుపని పెకలింతురు. తీగ పోయినచోట ఇసుక గాలికి లేచి తీరమందలి పల్లెయిండ్లలో, వంటపాత్రలలో పడును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనవంటి దానిని ఈ తీగ యాపగలదని మేమనము. కాని దినదినము వీచు గాలినుండి ఇసుకను కాచుటకు దీనిని మించిన కాపు లేదు. మనకు ఒక పూట వినోదమైనది బెస్త యిల్లాండ్రకు ఏడాది పొడవునా కష్టము కారాదు గదా!

కావున సముద్రస్నానమునకు పోయినపుడు తీగలు లేని దారిని నడువుడు. చాపను వట్టి యిసుకపైనే పఱవుడు. ఇది కూరాకు కాదు; కోసి తెచ్చుకొన బనిలేదు. పిల్లలకు ఆకును చూపి పేరు చెప్పుడు; తీగను మాత్రము లాగనీయకుడు.