హైదరాబాదు నుంచి హైదరాబాదుకి... వయా దావోస్

మంత్రుల విదేశీ పర్యటన షెడ్యూలు వెనకనుంచి ముందుకి రాస్తారని నా గట్టి అనుమానం. ముందు పేపర్లో రావాల్సిన అంకె. ఆ అంకెకి సరిపడా ఎంఓయూలు. ఇంకా టైముంటే ఎవరితోనైనా మాట్లాడటం!

2025 జనవరిలో దావోస్ వెళ్ళిన తెలంగాణ బృందం 1,78,950 కోట్ల పెట్టుబడులు ప్రకటించింది. అంతకు ముందేడు 40,232 కోట్లు. సంతోషమే. కానీ ఆ జాబితా ఓసారి చూడండి. అందులో మేఘా ఇంజనీరింగ్ వాటా 15,000 కోట్లు, స్కైరూట్ వాటా 500 కోట్లు. రెండూ హైదరాబాదు కంపెనీలే! ఆటో ఎక్కి సచివాలయానికి వచ్చి సంతకం పెట్టగలిగినవాళ్ళని కలవడానికి స్విట్జర్లాండు మంచులో అపాయింట్‌మెంటా?

పార్టీ పక్షపాతం అంటగట్టకండి. 2023 జనవరిలో అప్పటి ప్రభుత్వం కూడా దావోస్‌లోనే అమెజాన్ వెబ్ సర్వీసెస్ 36,300 కోట్లని చాటింది. వాళ్ళ హైదరాబాదు డేటా సెంటర్లు మొదలైంది 2022 నవంబరులో. అంటే ఇంట్లో ఉన్న అల్లుడికే మళ్ళీ ఎదురుకోలు అన్నమాట.

"అక్కడైతే అందరూ ఒకే చోట దొరుకుతారు కదా" అంటారు. నిజమే, ఒప్పుకుంటా. అలాంటప్పుడు ఇక్కడ దొరకనివాళ్ళని కలవాలి కదండీ! అయినా 1997లో చంద్రబాబు ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి బిల్ గేట్స్‌ని కలిసింది ఢిల్లీలో. 1998కల్లా మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాదులో తెరుచుకుంది. ఆ భేటీకి పాస్‌పోర్టు అక్కర్లేకపోయింది.

మా ఫీల్డులో క్లయింటు దగ్గరకి వెళ్ళేముందు ఎవర్ని కలుస్తున్నాం, ఏం అడుగుతారు, జవాబు ఎవరి దగ్గరుంది అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటాం. మంత్రిగారి షెడ్యూలుకీ అంతే కావాలి. విదేశాంగ శాఖ అనుమతి ఎలాగూ తప్పదు, అది కాగితం పని. అసలు పని వేరే. కరెంటు యూనిట్ ఎంత, భూమి మీద కోర్టు కేసులున్నాయా, నీళ్ళు ఎక్కణ్ణుంచి... ఇవన్నీ నాలిక చివర ఉండే అధికారి మంత్రి పక్క కుర్చీలో ఉండాలి. ఫోటోగ్రాఫర్ వెనక నిలబడొచ్చు.

ఇంకోటి. నిజంగా డబ్బు పెట్టేవాడు మొదటి భేటీలోనే సంతకం పెట్టడు. అనుమానాలు తీరక "రేపు ఇంకో గంట కూర్చుందామా?" అంటాడు. ఆ రేపటికి షెడ్యూల్లో ఖాళీ ఏదీ? పొద్దున్న టీవీ ఇంటర్వ్యూ, మధ్యాన్నం చర్చాగోష్ఠి, సాయంత్రం మన ఎన్నారైల సన్మానం, శాలువాలు. (ఆ శాలువాలు కప్పేది కూడా మనవాళ్ళే, అందులో నా స్నేహితులూ ఉన్నారు.) రోజుకి రెండు గంటలు ఏమీ రాయకుండా వదిలేస్తే కొంపేం మునగదు.

వచ్చేసారి ప్రెస్ నోట్‌లో ఒక్క గడి కలపమనండి: "ఈ కంపెనీ ఇప్పటికే మన రాష్ట్రంలో ఉందా?" అవును అని ఉన్నవన్నీ పక్కన పెట్టి, అప్పుడు కూడిక వెయ్యమనండి.